దండెం మీద యూనిఫాం

హనుమకొండ

తమ్ముడూ,

ఒక నాయకుడికీ ఒక ప్రభుత్వ ఉద్యోగినికీ సంబంధం ఉందంటూ నువ్వు పంపిన కథనం అందింది, రెండుసార్లు చదివాను. ముందు దానితో పాటు పెట్టిన ఫొటో గురించి మాట్లాడాలి. రాత్రిపూట ఒక ఇంటి ముందు ఆగిన నాయకుడి కారు, నంబరు ప్లేటు చుట్టూ నువ్వు గీసిన ఎర్ర సున్నా. నేను దాన్ని పెద్దది చేసి చూశాను. పై అంతస్తులో దండెం మీద స్కూలు యూనిఫాం ఆరేసి ఉంది. జేబు మీది బడి గుర్తు కూడా ఆనవాలు పట్టవచ్చు. పక్కన గోడకు ఆనించిన చిన్న సైకిలు. ఆ బట్టలు ఏ పిల్లవో నీకూ నాకూ తెలియదు. అచ్చయిన మర్నాడు తోటి పిల్లలందరికీ తెలిసిపోతుంది.

"ప్రజలకు తెలుసుకునే హక్కు ఉంది కదా సార్" అన్నావు. ఉంది. ఆ హక్కు పేరు చెప్పి నేను చేసిన తప్పు ఒకటి నీకు చెప్పాలి.

విలేకరిగా చేరిన కొత్తలో మన జిల్లాలోనే ఒక నాయకుడి మీద ఇలాంటిదే ఐదారు వాక్యాల వార్త రాశాను. పేర్లు పెట్టలేదు. 'ఆ మండలంలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు' అని మాత్రం రాసి, జాగ్రత్తపడ్డాననుకున్నాను. ఆ మండలం మొత్తానికి అప్పుడు టీచరమ్మలు ముగ్గురే. నెల తిరక్కముందే వేరే పని మీద ఆ బడికి వెళ్తే, ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద అద్దం కింద నా వార్త కత్తిరింపు ఉంది, సంతకానికి వచ్చినవాళ్లంతా చదువుకునేలా. పక్కనే హాజరు పట్టీ తెరిచి ఉంది. ఆమె గడిలో సంతకాలు నా వార్త వచ్చిన రోజుతో ఆగిపోయాయి. ఆ నాయకుడు తర్వాతి ఎన్నికల్లో మళ్లీ గెలిచాడు. అదే ఏడాది ఆ ఊరి చెరువు కట్ట మరమ్మతు పని ఆయన బావమరిదికి దక్కింది. మొదటి పెద్ద వానకే కట్ట తెగి పొలాలు మునిగాయి. టెండరు కాగితాలు నేను రోజూ వెళ్లే మండల ఆఫీసులోనే ఉండేవి. పుకారు వెంట తిరుగుతూ వాటిని అడగనే లేదు.

నిప్పు లేనిదే పొగ రాదని రాశావు. ఎన్నికల ముందు ఆ సామెతను నమ్మకు. పొగ పెట్టడమే పనిగా ఉన్నవాళ్లు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఆ ఫొటో నీకు ఎవరు పంపారో, ఈ నెలలోనే ఎందుకు పంపారో ముందు ఆలోచించు.

'అక్రమ సంబంధం' అని నాలుగుచోట్ల వాడావు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల సంబంధాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే కొట్టేసింది. ఆ మాట తీసెయ్యి. మన భాష ఈ విషయంలో ఆడవాళ్లకు చాలా అన్యాయం చేసింది. ఆమెను అనడానికి ఉంపుడుగత్తె మొదలుకొని ఎన్నో మాటలు, ఆయనకేమో రసికుడన్న ముద్దుపేరు. రాసేవాళ్లమే ఈ లెక్క సరిచేయాలి.

అలాగని నోరు మూసుకోమనడం లేదు. ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాండ్‌కు వివాహేతర సంబంధంలో కూతురుందని అక్కడి పాత్రికేయులు చాలామందికి తెలిసినా 1994 దాకా బయటపెట్టలేదు. దాన్ని సంస్కారమని మెచ్చుకుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఆ తల్లీకూతుళ్లు ఉన్నది ప్రభుత్వ భవనంలో, కాపలా ఉన్నది ప్రభుత్వ సిబ్బంది. ఆ రహస్యం పొక్కకుండా చూడడం కూడా ఒక కారణంగా అధ్యక్ష భవనం మనుషులు కొందరు రచయితల, పాత్రికేయుల ఫోన్లు చాటుగా విన్నారు. జనం సొమ్ము, పోలీసు బలం కదిలిన చోట రాయాల్సిందే. ఆ పిల్ల పేరు లేకుండానే రాయవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్న ఎన్.డి. తివారీ సంగతి నీకు తెలుసు. 2009 డిసెంబరులో ఆయన మహిళలతో ఉన్నారంటూ టీవీ దృశ్యాలు వచ్చాక, ఆరోపణలను తోసిపుచ్చుతూనే, అనారోగ్యమని చెప్పి గవర్నర్ పదవి వదిలారు. రాజ్‌భవన్‌లో ఏం జరుగుతోందని అడగడం న్యాయమే, ఆ దృశ్యాలను తిప్పితిప్పి చూపడం నాకు నచ్చలేదు. ఆయన మీద ఢిల్లీలో నడిచిన పితృత్వ కేసు వేరు. అక్కడ కొడుకే కోర్టుకెక్కాడు, 2012లో డీఎన్‌ఏ నివేదిక అతని మాటే నిజమంది. కోర్టు రికార్డులో ఉన్నది రాయవచ్చని 1994 నాటి ఆటో శంకర్ కేసులో, ఒక ఖైదీ ఆత్మకథ అచ్చువేయడం మీద వచ్చిన కేసు అది, సుప్రీంకోర్టు తీర్పు చెబుతోంది. లైంగిక దాడి బాధితుల పేర్లను అదే తీర్పు మినహాయించింది.

నీ కథనం చివరి పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. ఆ ఉద్యోగినికి ఏడాదిలోపు రెండుసార్లు కోరిన చోటికి బదిలీ అయిందని. కథనం అక్కడ మొదలుపెట్టు. సీనియారిటీ జాబితాలో ఆమె ముందు ఎవరున్నారు? సిఫారసు లేఖ ఎవరిది? సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు, మనిషి పేరుతో కాకుండా పోస్టు పేరుతో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చాక 'వ్యక్తిగత సమాచారం' అని తిప్పి పంపడం తేలికైంది. ప్రజా ప్రయోజనం గురించి చెప్పే 8(2)ను దరఖాస్తులోనే ప్రస్తావించు. కారు ప్రభుత్వానిదైతే లాగ్‌బుక్ అడుగు. ఆ నాయకుడి ఎన్నికల అఫిడవిట్, ఫారం 26, తీసి చదువు.

ఇంకొకటి. ఆమె ఇష్టపడిందో, అధికారానికి భయపడిందో నీకు తెలియదు. ఒత్తిడి ఉందని తేలితే ఆమె అనుమతి లేకుండా ఒక్క అక్షరం రాయకు. క్రిమినల్ పరువు నష్టం కేసులో నిజమే రాశానంటే చాలదు. భారతీయ న్యాయ సంహిత 356 ప్రకారం అది ప్రజా హితం కోసమని కూడా చూపాలి. బదిలీ ఫైలుతో చూపగలవు. ఫొటోతో చూపలేవు.

సీనియారిటీ జాబితా దొరికాక ఆదివారం పొద్దున ఇంటికి రా, కలిసి చూద్దాం. ఈలోగా ఆ ఫొటో ఎవరికీ పంపకు, నీ ఫోనులోంచి కూడా తీసెయ్యి. నా దగ్గరున్నది చూసిన వెంటనే తీసేశాను.

మీ అన్న