బెంగాలీలో డిటెక్టివ్‌ని 'టిక్‌టికి' అని ఎందుకంటారు?

పాత బెంగాలీ కథలో 'వెనక టిక్‌టికి తగులుకుంది' అని చదివారట. టిక్‌టికి అంటే బల్లి కదా, బల్లికీ డిటెక్టివ్‌కీ ఏం సంబంధమని అడిగారు. నేను పుట్టి పెరిగింది బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. మా వరసలో సగం ఇళ్ళు శ్రీకాకుళం వాళ్ళవే. ఈ మాట నాకు చెవి మెలిపెట్టి మరీ నేర్పారు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. క్వార్టర్స్ వెనక రావిచెట్టు కింద పెద్దవాళ్ళు డబ్బులు పెట్టి పేకాట ఆడేవాళ్ళు. వాళ్ళకి మంచినీళ్ళు అందించడం నా ఉద్యోగం, జీతం రోజుకి పావలా. ఓ ఆదివారం కాపలా ఉన్న బెంగాలీ కుర్రాడు "టిక్‌టికి! టిక్‌టికి!" అని అరిచాడు. చూస్తూండగానే చెట్టు కింద ఒక్కరు లేరు. నేను మాత్రం నెత్తిన బల్లి పడుతుందేమోనని భయపడి గోడంతా వెతుకుతున్నాను. ఇంతలో ఒకాయన వచ్చాడు. బుష్‌షర్టు, చేతిలో కూరల సంచి, సంచిలోంచి పొట్లకాయ. అంతా బానే ఉంది, కాళ్ళకి మాత్రం తళతళలాడే పోలీసు ఎర్ర బూట్లు! నా చెవి పట్టుకుని "మీ నాన్న ఎక్కడ పనిచేస్తాడ్రా?" అన్నాడు.

'డిటెక్టివ్'లో 'టెక్' ముక్కే నోళ్ళలో నలిగి టిక్‌టికి అయిందని కొందరంటారు. నేనొప్పుకోను. ట్యూబ్‌లైటు పక్కన బల్లిని ఎప్పుడైనా చూశారా? గంటసేపు గోడలో భాగంలా ఉంటుంది, పురుగు దగ్గరికొస్తే అప్పుడు కదులుతుంది. ఇంకేం రుజువు కావాలి? తెల్లవాళ్ళ కాలంలో కలకత్తాలో విప్లవకారుల వెంట మఫ్టీలో తిరిగిన పోలీసుల్నీ టిక్‌టికి అనే అనేవాళ్ళు. అందుకే ఇందులో గౌరవం లేదు, వెటకారమే. కథలో హీరో అయితే 'గోయెందా'. బెంగాలీ కథల్లో పేరున్న డిటెక్టివ్ బ్యోమకేశ్ బక్షికి ఆ మాట కూడా నచ్చక 'సత్యాన్వేషి' అని పెట్టుకున్నాడు. మీ వెనక పడి, టీకొట్టు దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని నిలబడేవాడు టిక్‌టికి.

మన అనువాదాల్లో మాత్రం అందరూ 'అపరాధ పరిశోధకుడే'. ఆ మాట నోటితో అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఒక సీరియల్ సబ్‌టైటిల్స్‌లోనైతే ఏకంగా 'మన వెనక బల్లి ఉంది' అని వేశారు, హీరోయిన్ వెనక్కి తిరిగి చూస్తే గొడుగు పట్టుకున్న మనిషి! మనకి 'సీఐడీ' అనే మాట లేదా? పక్కింటి విషయాలన్నీ ఆరా తీసేవాళ్ళని మనం అనేది అదేగా.

ఇక ఆ రోజు సంగతి. ఏడుస్తూ ఇంటికెళ్ళి "మామ్మా, టిక్‌టికి పట్టుకుంది" అన్నాను. మామ్మకి వచ్చిన బెంగాలీ బజారుకి సరిపడా మాత్రమే. "అయ్యో, ఎక్కడ పడిందిరా?" అంది. ఎర్రబడిన చెవి చూపించాను. వెంటనే నెత్తిన రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించి, కళ్ళజోడు పెట్టుకుని పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు తీసింది. కుడి చెవా, ఎడమ చెవా అని ఆవిడ అడుగుతూండగానే, పొట్లకాయ సంచితో ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.