టోక్యోలో గింకో: రంగు ఎప్పుడు, కాయలు ఎలా, అంత గౌరవం ఎందుకు

నవంబరు ఆఖర్లో టోక్యో వెళ్తే గింకో చెట్లు పసుపు రంగులో కనిపిస్తాయా, రాలిన కాయలు తినొచ్చా, ఆ చెట్టుకు అక్కడ అంత విలువెందుకు అని అడిగారు.

తేదీలు బాగా కుదిరాయి. టోక్యోలోని మెయిజీ జింగూ గైఎన్ ఉద్యానం దారిలో నవంబరు చివరి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా రంగు నిండుగా ఉంటుంది. అవొయామా వీధి వైపు నుంచే లోపలికి నడవండి. అక్కడ 1923లో నాటిన 146 చెట్లు నాలుగు వరుసల్లో ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ ఎత్తు తగ్గేలా కత్తిరిస్తారు కాబట్టి చివరనున్న చిత్రశాల ఇంకా దూరంగా ఉన్నట్టు తోస్తుంది. ఎదురు వైపు నుంచి వస్తే ఆ అందం పోతుంది. రంగు వచ్చాక మాత్రం 'ఇంకో వారం ఆగుదాం' అనుకోకండి. గింకో ఆకుల తొడిమలు దాదాపు ఒకేసారి విడిపోవడానికి సిద్ధమవుతాయి; ఒక్క గట్టి చలి రాత్రి చాలు, తెల్లారేసరికి చెట్టు బోసిపోయి, కింద కళ్లంలో పసుపు ఆరబోసినట్టు ఉంటుంది.

కాయలు ఆడ చెట్లకే వస్తాయి. ఆకు చీలికను బట్టి ఆడ, మగ చెప్పొచ్చనే మాట నిజం కాదు. పై కండలో బ్యుటిరిక్ ఆమ్లం ఉంటుంది, అందుకే ముక్కిపోయిన వెన్న కంపు. అసలు జాగ్రత్త పడాల్సింది రసంతో: పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు కాల్చే జీడినూనెలోని ఆమ్లాలకు దగ్గరి బంధువులే ఇందులోనూ ఉన్నాయి. జీడిరసం పడనివాళ్లు అసలు ముట్టుకోవద్దు. మిగతావాళ్లు రబ్బరు తొడుగులు వేసుకుని, బకెట్ నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి, కండ రుద్ది కడిగి, గింజలు నీడలో ఆరబెట్టాలి. పెంకు కాస్త పగలగొట్టి, పదింటిని మందపాటి కాగితం కవర్లో ఉప్పుతో వేసి, మూతి రెండు మడతలు మడిచి, మైక్రోవేవ్‌లో నిమిషం మించకుండా వేడి చేయండి. టప్ టప్ చప్పుళ్లు ఆగాకే తెరవాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే శుభ్రం చేసిన గింజలు సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి.

ఒక్కసారికి నాలుగైదు చాలు. గింజలోని విషపదార్థం బి6 విటమిన్ పనిని అడ్డుకుంటుంది, వండినా పోదు. ఎక్కువైతే వాంతులు, ఫిట్స్ వస్తాయి. ఏడు గింజలకే జబ్బుపడిన పిల్లలున్నారు, చిన్నపిల్లలకు పెట్టొద్దు.

ఇక గౌరవం సంగతి. చైనాలో దీన్ని 'తాతామనవళ్ల చెట్టు' అంటారు: తాత నాటితే మనవడు గింజలు తింటాడని. విత్తనం నుంచి పెరిగిన చెట్టు కాపుకు రావడానికి 20 ఏళ్లకు పైగా పడుతుంది మరి. హిరోషిమాలో అణుబాంబు పడిన చోటికి 1,130 మీటర్ల దూరంలో, హోసెన్‌బో ఆలయంలోని గింకో మళ్లీ చిగురించింది. ఆలయం తిరిగి కట్టినప్పుడు దాన్ని కొట్టేయలేదు, మెట్లనే రెండుగా చీల్చి చెట్టుకు చోటిచ్చారు. అంత దూరం వెళ్లలేకపోతే, టోక్యో నుంచి గంట రైలు ప్రయాణంలో కామకురా ఉంది. అక్కడి త్సురుగఓకా హచిమాన్ ఆలయపు పెద్ద గింకో 2010 మార్చి 10న కూలిపోయింది. పెద్ద రాతిమెట్లు ఎక్కేముందు ఎడమ పక్కకు చూడండి, మోడు నుంచి లేచిన కొత్త కొమ్మలు కనిపిస్తాయి.