పరిహారం వస్తుందని మూడు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో పెందుర్తి వైపు. మా ఆయన ఆటో నడుపుతారు. పెరట్లో పిల్లలతో కలిపి 30 నాటుకోళ్లు ఉండేవి. పోయిన వారం రాత్రి పక్కింటివాళ్ల కుక్క గోడ దూకి వచ్చి 14 పెట్టల్ని, 3 పుంజుల్ని, 9 పిల్లల్ని చంపేసింది. పెట్ట 600, పుంజు 1,500, పిల్ల 100 చొప్పున అమ్ముతాను. గుడ్డు 12 రూపాయలు. అన్నీ కలిపితే 45,000 నష్టం. ‘మా టైగర్ గొలుసు తెంచుకుంది, ఏమనుకోకు వదినా’ అని ఆ ఇంటావిడ వాట్సాప్‌లో వాయిస్ పెట్టింది. వాళ్లు 2,000 ఇస్తామంటున్నారు. లాయరుకు, కొత్త కోళ్లకు, గోడ మీద జాలీకి 40,000 కావాలి. మా వీధిలో ఒకాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. యాప్‌లో అయితే పది నిమిషాల్లో వస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. పరిహారం రాగానే తీర్చేస్తాను. ఏది మంచిది? ఇంటి ఖర్చు నెలకు 18,000. అకౌంట్‌లో 3,200 ఉన్నాయి. అవసరమొస్తే నాలుగు కోళ్లు అమ్ముకునేవాళ్లం, ఇప్పుడు అదీ లేదు. కుక్కను తోలబోతే నా చేతి మీద గోరు గీరుకుంది, అదేం పెద్దది కాదు.

జవాబు: రెండూ వద్దమ్మా.

మీ ఉత్తరంలోని ఒక మాట నాకు నెలకు నాలుగైదుసార్లు వినిపిస్తుంది. అందుకే అందరూ చదివేలా జవాబు రాస్తున్నాను. ‘పరిహారం రాగానే తీర్చేస్తాను.’ పరిహారం అన్నచోట ఒక్కొక్కరు ఒక్కోటి పెడతారు: పీఎఫ్ డబ్బు, చీటీ పాట, ఊళ్లో పొలం వాటా, అబ్బాయికి రాబోయే ఉద్యోగం. రావాల్సిన డబ్బును వచ్చేసిన డబ్బు కింద జమకట్టి దాని మీద అప్పు తెస్తారు. రావాల్సింది ఎప్పుడొస్తుందో తెలియదు. వడ్డీ మాత్రం ఒకటో తారీఖుకల్లా గుమ్మంలో నిలబడుతుంది.

మీరిచ్చిన ధరలతోనే లెక్క వేశాను. పెట్టలు 8,400, పుంజులు 4,500, పిల్లలు 900. మొత్తం 13,800. ఇప్పుడు అప్పు సంగతి చూడండి. 40,000కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,200, ఏడాదికి 14,400. చచ్చిపోయిన కోళ్ల ఖరీదు కంటే ఏడాది వడ్డీయే ఎక్కువ! అసలు 40,000 కదలకుండా అలాగే కూర్చుంటుంది. ఇక యాప్ అంటారా, మీ తమ్ముడికి పది నిమిషాల్లో డబ్బు రావడం ఒక్కటే కనిపించింది. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నింటికీ ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌ల బాధితులు నా దగ్గరికి కూడా వచ్చారు. ఆ మాట ఇంకోసారి ఎత్తొద్దని చెప్పండి.

మీరు చెప్పిన 45,000లో మిగతా ముప్పై వేల పైచిలుకు ఎక్కడిది? పెట్టబోయే గుడ్లు, అవి పొదిగితే వచ్చే పిల్లలు, ఆ పిల్లలు పెద్దవై పెట్టే గుడ్లు. మీ కడుపుమంట అర్థమవుతుంది కానీ, ఈ లెక్క ఎవరి ముందు పెట్టినా నవ్వుతారు, దాంతో న్యాయమైన 13,800 కూడా పలచబడిపోతుంది. కొత్త పెట్టలు గుడ్లకు రావడానికి ఐదారు నెలలు పడుతుంది కాబట్టి ఆ ఆర్నెల్ల గుడ్ల డబ్బు అడగండి. ఏడాదికి పెట్ట 60 గుడ్లు పెడుతుందనుకుంటే 14 పెట్టలకు ఆర్నెల్లలో 420 గుడ్లు, అంటే 5,040 రూపాయలు. అందులోంచి మీకు తప్పిన నూకలు, తవుడు ఖర్చు తీసేయండి. 17,000 దగ్గర పట్టుబట్టండి, అంతకు మించి సాగదీయకండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట: ‘అవసరమొస్తే నాలుగు కోళ్లు అమ్ముకునేవాళ్లం.’ అంటే ఇన్నాళ్లూ మీ అత్యవసర నిధి గంప కింద నిద్రపోతోందన్నమాట. నెలనెలా నాలుగు రూపాయలు తెచ్చేదీ అవే, ఆపదలో ఆదుకోవాల్సిందీ అవే. ఒక్క రాత్రిలో రెండూ పోయాయి. కుక్క కాకపోతే కొక్కెర తెగులు వచ్చేది. మీరొక్కరే కాదు, ఆటోయే ఆస్తి, ఆటోయే ధైర్యం అనుకునే ఇళ్లు, ఉన్నదంతా దుకాణంలో సరుకుగా పెట్టుకున్న ఇళ్లు విశాఖలో వీధికి పది ఉంటాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను సీతమ్మధారలో ఉన్నాను. బ్యాంకులో డబ్బుంది, కరెంటు లేదు, ఏటీఎం లేదు, ఫోన్ లేదు. ఊరందరికీ పెట్టుబడుల గురించి చెప్పే మనిషిని, పాలవాడి ముందు జేబులు తడుముకున్నాను. మా ఆవిడ బియ్యం డబ్బాలో దాచిన 2,300తో ఆ వారం గడిచింది. అప్పట్నుంచి ఎవరు ఏ ప్రశ్న అడిగినా నేను అత్యవసర నిధి దగ్గరికే వస్తానని మా వాళ్లు ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి.

మీ ఇంటికి మూడు నెలల ఖర్చంటే 54,000. వినగానే గుండె గుభేలుమంటుంది కాబట్టి ముందు ఒక నెలది, 18,000, చాలు. వడ్డీ కడదామనుకున్న 1,200 ఎలాగూ ఎక్కడో సర్దుదామనుకున్నారుగా, అదే నెలనెలా ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వేయండి. పక్కింటివాళ్లు ఇచ్చేది వచ్చాక సగం అందులోకే వెళ్లాలి. ఒక 3,000 నోట్లుగా ఇంట్లో ఉంచండి. ఆ ఖాతా నిండేదాకా చీటీ, బంగారం, పాలసీ ఏదీ వద్దు. మీ ఆయనకు ప్రమాద బీమా లేకపోతే అదొక్కటే దీనికి మినహాయింపు.

లాయరు ఖర్చు గురించి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 1987 నాటి చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. పక్కింటాయన రాకపోతే చిన్న దావా వేయడానికి లాయరునూ వాళ్లే ఇస్తారు. కుక్క మీద పోలీసు కేసు పెట్టి జైల్లో వేయిద్దామని ఎవరైనా ఎగదోస్తే వినకండి. భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 291 సెక్షన్ జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ, తీవ్ర గాయాలకు గానీ ముప్పు ఉన్నప్పటి సంగతి. పడే జరిమానా కూడా 5,000 దాటదు.

రుజువులు ఇప్పుడే పోగేయండి. ఆ ఇంటావిడ వాట్సాప్‌లో ‘మా టైగర్ గొలుసు తెంచుకుంది, ఏమనుకోకు వదినా’ అని వాయిస్ పెట్టిందని రాశారు. దాన్ని పొరపాటున కూడా డిలీట్ చేయకండి, మీ వైపు ఉన్న గట్టి సాక్ష్యం అదే. కోళ్ల ఫోటోలు, గుడ్లు అమ్మిన ఫోన్‌పే ఎంట్రీలు, ఉంటే పశువుల డాక్టరు రాసిచ్చిన కాగితం, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. కుక్కకు బీమా ఉందేమో అడగండి. కొన్ని పాలసీలు అది బయటివాళ్లకు చేసిన నష్టాన్ని కూడా భరిస్తాయి. వాయిదాల్లో ఇస్తామన్నా ఒప్పుకోండి, కాకపోతే తారీఖులతో కాగితం మీద. రేపూ ఎల్లుండీ అదే గోడ పక్కన బతకాలి మీరు.

కొత్త కోళ్లు ఒకేసారి 26 కొనొద్దు. ముందు గూటికి గట్టి జాలీ వేయించండి, మొత్తం గోడకు కాదు. మిగిలిన నాలుగింటితో, మరో నాలుగు పెట్టలతో మొదలుపెట్టండి. చేతిలో డబ్బు చాలకపోతే డ్వాక్రా సంఘంలో అడగండి, వీధి వడ్డీకి పోవద్దు.

చేతి మీద గీత గురించి మీకు విడిగా మెసేజ్ పెట్టాను, చూశారో లేదో. కుక్క గోరు గీరినా రేబిస్ సూది వేయించుకోవాలి, ఆలస్యమైనా సరే. కేజీహెచ్‌లో గానీ, మీ దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో గానీ డబ్బు తీసుకోరు. ఈ రోజే వెళ్లండి, కార్డు మీద రాసిచ్చిన తారీఖులు ఒక్కటీ తప్పకండి. ఆ ఓపీ చీటీ కూడా అదే ఫైల్లో పెట్టండి.