తేలికైన లెక్క అడిగితే తప్పా?

ప్రశ్న: నేనొక ఆన్‌లైన్ గణిత బృందానికి మోడరేటర్‌ని. రెండు నిమిషాల్లో తేలిపోయే ప్రశ్నలు కుప్పలుగా వస్తున్నాయి. కొందరు మూసేయమంటారు, కొందరు పోటీలు పడి జవాబులు రాస్తారు. ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి?

జవాబు: జవాబు పొడవును బట్టి ప్రశ్నను తూచకండి. ‘కరణీయ సంఖ్యకు కరణీయ సంఖ్యే ఘాతాంకమైతే అకరణీయ సంఖ్య రావచ్చా?’ అని ఎవరో అడిగారనుకోండి. (పూర్ణాంకాల భిన్నంగా రాయగలిగేది అకరణీయం, రాయలేనిది కరణీయం.) √2 కి, 2 ఆధారంగా 9 సంవర్గమానాన్ని (2కి ఏ ఘాతాంకం పెడితే 9 వస్తుందో ఆ సంఖ్యను) ఘాతాంకంగా పెడితే 3 వస్తుంది. ఆ సంవర్గమానం కరణీయమే. కాదంటే 2 ఘాతం ఏదో ఒకటి 9 ఘాతానికి సమానం కావాలి, అంటే సరి సంఖ్య బేసి సంఖ్య అయిపోవాలి. జవాబు ఇంతే, కానీ దీన్ని మూసేస్తే నష్టం మీ బృందానికే. సరి సంఖ్యైతే సగం చెయ్యి, బేసైతే మూడింతలు చేసి ఒకటి కలుపు, ఎప్పటికైనా 1 వస్తుందా అనే కొలాట్జ్ ప్రశ్న బడిపిల్లలకూ అర్థమవుతుంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

చూడాల్సింది అడిగినవారు ఏం రాశారన్నది: ఏ నిర్వచనం వాడుతున్నారు, ఏ మెట్టు దగ్గర ఆగారు, లెక్క ఎక్కడిది. ఇవేవీ లేకుండా అభ్యాసం ఫొటో ఒక్కటే పెడితే తొలగించకండి, తాత్కాలికంగా ఆపండి. అదీ జవాబు పడకముందే. పడ్డాక ప్రశ్నను సరిదిద్దే ఓపిక అడిగినవారికి ఉండదు.

ఆపి ‘మీరేం ప్రయత్నించారు?’ అని ఊరుకుంటే ‘ఏమీ తోచలేదు’ అనే వస్తుంది. లెక్కలోనే చిన్న పని అప్పగించండి. 1, 1/2, 1/3... అనుక్రమం అవధి సున్నా అని చూపడం రాలేదంటే, ‘ఎప్సిలాన్ (అవధికి ఎంత దగ్గరగా రావాలో చెప్పే చిన్న ధనసంఖ్య) 1/10 అనుకోండి. ఎన్నో పదం నుంచి విలువలు దానికన్నా తక్కువ?’ అనండి. పదకొండు అని చెప్పగలిగినవారికి తర్వాతి మెట్టు అందుతుంది. ‘ఇది స్పష్టమే కదా’ అనే మాటను మాత్రం నిషేధించినా తప్పులేదు.

స్థాయిని బట్టి మూసేయడం ఒక్కచోటే న్యాయం: ఆ స్థాయి ముందే ప్రకటించిన చోట. 2009లో మొదలైన మ్యాథ్‌ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల వెబ్‌సైటు పరిశోధన స్థాయి గణిత ప్రశ్నలకే. పాఠ్యపుస్తకం లెక్కకు అక్కడ తావు లేదు. కానీ అలాంటివి అడగడానికి మ్యాథ్ స్టాక్ ఎక్స్చేంజ్ అనే మరో సైటు ఉంది. వేరే చోటు చూపలేనప్పుడు తలుపు వేయకండి.

ప్రశ్న: ‘ఇది పాతదే’ అని లింకు ఇస్తే, ‘నా సందేహం అది కాదు’ అంటున్నారు.

జవాబు: చాలాసార్లు వాళ్లదే నిజం. శీర్షికలు కలుస్తాయి, పొరపాట్లు కలవవు. ‘1 = 2 ఎలా వచ్చింది?’ అనే పోస్టుల్లో ఒకటి సున్నాతో భాగించి ఉంటుంది. ఇంకోటి రుణసంఖ్యల లబ్ధం వర్గమూలాన్ని రెండు వర్గమూలాలుగా విడదీసి ఉంటుంది. ఆ సూత్రం రుణం కాని సంఖ్యలకే హామీ. మరోటి −3 వర్గానికి వర్గమూలం −3 అనుకుంటుంది, వచ్చేది 3. ఏ మెట్టు తప్పో అదే మెట్టు తప్పిన పాత పోస్టుకే లింకు ఇవ్వండి. ‘మీ మూడో వరుసలో ఇదే జరిగింది’ అని ఒక వాక్యం జోడించండి.

ప్రశ్న: తేలిక ప్రశ్నలకు కామెంటులోనే జవాబు చెప్పేయొచ్చా?

జవాబు: వద్దు. ప్రశ్న జవాబు లేనివాటి జాబితాలో ఉండిపోతుంది, కామెంటులో తప్పు దొర్లితే సరిదిద్దేవారూ ఉండరు. రెండు వరుసలైనా జవాబుగానే పెట్టించండి.