మూడు వేల మాటల పట్టికను పక్కన పెట్టించండి

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం సీఈసీ. ఎనిమిదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివింది. లా చదవాలని పట్టుదల, దాని ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తానంటోంది. మూడు వేల ఇంగ్లిష్ మాటల పుస్తకం కొని రోజుకు నలభై చొప్పున పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు బట్టీ పడుతోంది. వారం తిరిగేసరికి సగం గుర్తుండడం లేదు. నమూనా పరీక్షల్లో మార్కులు కూడా పెరగడం లేదు. పదిహేను వేలు కట్టి పదజాలం కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ముందు పరీక్ష సంగతి చూద్దాం. క్లాట్‌లో ఇప్పుడు రెండు గంటలకు 120 ప్రశ్నలు, అందులో ఇంగ్లిష్‌వి 22 నుంచి 26. 2020లో పద్ధతి మారింది. అప్పటి నుంచి సుమారు 450 మాటల పాఠ్యభాగం ఇచ్చి, దాని మీదే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక మాటకు అర్థం అడిగినా, ఆ పేరాలో అది ఏ అర్థంలో వచ్చిందనే అడుగుతారు. మీ అమ్మాయి బట్టీ పడుతున్నది పాత పరీక్షకు మందు. సైన్యంలో అధికారులు కావాలని ఎన్‌డీఏ రాసేవాళ్ల దారి వేరు. అక్కడ ఇంగ్లిష్‌కు 200 మార్కులు, పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు నేరుగానే వస్తాయి. ఎప్‌సెట్ పిల్లలకైతే ఇంగ్లిష్ ప్రశ్నలే లేవు కాబట్టి ఆ ఇళ్లలో ఈ గొడవ ఉండదు. ఉద్యోగం ఇంటర్వ్యూలప్పుడు మొదలవుతుంది, అది వేరే కథ.

ఇక పట్టికలో ఉన్న అసలు చిక్కు. మొన్న ఒక అబ్బాయి నా దగ్గర కూర్చుని తన తాతగారి గురించి పది వాక్యాలు రాశాడు. ఆయన బడిపంతులు, చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరున్న మనిషి. ఈ పిల్లవాడు ఆయన్ను ‘నోటోరియస్ టీచర్’ చేసి పెట్టాడు. ఫేమస్‌కు పర్యాయపదమని పుస్తకంలో ఉంది కదా అన్నాడు. తెలుగులో ‘పేరుపొందిన’ వైద్యుడు అంటాం, ‘పేరుమోసిన’ దొంగ అంటాం. రెండింటిలోనూ పేరు ఉంది, కానీ వైద్యుణ్ణి పేరుమోసినవాడు అంటే ఊరుకుంటాడా? నోటోరియస్ ఈ రెండో రకం మాట. అమ్మాయి నాజూగ్గా ఉందనడానికీ, బక్కగా ఉందనడానికీ తేడా పెళ్లిచూపుల్లో కూర్చున్న ప్రతి తల్లికీ తెలుసు. స్లెండర్, స్కిన్నీ మధ్య ఉన్నది అచ్చంగా ఆ తేడాయే. మీ అమ్మాయికి ఈ తూకం పుట్టుకతో వచ్చింది. పట్టిక ఆ మాటలన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టి దాన్ని చెరిపేస్తోంది. నేనైతే ప్రతి ఇంగ్లిష్ మాట పక్కన సరిగ్గా అదే బరువున్న తెలుగు మాట వెతికి రాయమంటాను. తెలుగు మాధ్యమంలో చదవడం లోటన్నట్టు మీరు రాశారు, ఈ ఒక్క పనికి మాత్రం అది పెట్టుబడి.

వ్యతిరేక పదాల దగ్గరా ఇదే తంతు. ముందు ఒక ‘ఇన్’ తగిలిస్తే అర్థం తిరగబడుతుందని పిల్లలు అనుకుంటారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పెట్రోలు ట్యాంకరు వెనక ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటే, అంటుకోనిది అని కాదు, ఇట్టే అంటుకుంటుందని. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిది కాదు, మన ‘అమూల్యం’. అమూల్యమైన సలహా అంటే పనికిమాలిన సలహా అని ఎవరూ అనుకోరు కదా! లా చదవబోయే పిల్లకు ఇంకో రెండు. ‘డిస్‌ఇంట్రెస్టెడ్’ న్యాయమూర్తి అంటే ఆవలిస్తూ కూర్చున్నాయన కాదు, ఆ వ్యాజ్యంలో స్వలాభం లేని నిష్పాక్షికుడు. ‘శాంక్షన్’ అయితే తనకు తానే వ్యతిరేక పదం: బ్యాంకులో లోన్ శాంక్షన్ అయితే మంజూరు, ఒక దేశం మీద శాంక్షన్లు విధిస్తే ఆంక్షలు. పట్టికలో దాని ఎదురుగా ఏం రాస్తారు? వాక్యం చూస్తేనే తేలుతుంది.

ఒకేలా వినిపించి వేరుగా రాసే మాటల గురించి చెప్పాలంటే నా బోర్డు కథ చెప్పాలి. ఈ ఆఫీసు తెరిచిన కొత్తలో పెయింటరు నా పేరు కింద ‘కౌన్సెలర్’లో నడుమ ‘ఎస్, ఇ’ ఉండాల్సిన చోట ‘సి, ఐ’ రాసి వెళ్లాడు. అలా రాస్తే మునిసిపల్ కౌన్సిలర్ అవుతుంది. నేను కూడా నాలుగు రోజులు గమనించలేదు. ఒక పెద్దాయన లోపలికి వచ్చి, వీధి చివర మోరీ పొంగుతోందమ్మా, పట్టించుకోరా అని నిలదీసినప్పుడు బయటికెళ్లి చూశాను.

మన లిపిలో దాదాపు పలికినట్టే రాస్తాం కాబట్టి ఈ బాధ మనకు కొత్త. ఇంగ్లిష్‌లో ఉచ్చారణ మారుతూ పోయింది, అక్షరాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇంగ్లండుకు అచ్చుయంత్రం 1476లో వచ్చింది, ఆ తర్వాత స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి. ‘నైట్’ అంటే రాత్రి, ‘నైట్’ అంటే గుర్రపు వీరుడు. రెండో దాని ముందున్న ‘కె’ ఒకప్పుడు పలికేవారు. కదలకుండా ఉండే ‘స్టేషనరీ’కి చివర ‘ఎ, ఆర్, వై’, కోఠి దుకాణాల్లో కాగితాలు, పెన్నులు అమ్మే ‘స్టేషనరీ’కి ‘ఇ, ఆర్, వై’. ఇవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరకనివి మనం కలిపేసుకునేవి. ‘వి’, ‘డబ్ల్యూ’ రెండూ మన నోట ఒకటే, అందుకని పడమరా, లోపలి బనీనూ రెండూ ‘వెస్ట్’ అవుతాయి. మారడమూ, అప్రమత్తంగా ఉండడమూ రెండూ ‘వేరీ’. ‘జెస్ట్’ అంటే ఉత్సాహమో పరిహాసమో మన చెవికి తెలియదు, మొదటిది ‘జెడ్’తో, రెండోది ‘జె’తో. ఇంగ్లిష్ వాళ్లకు ఇవి సమస్యే కాదు కాబట్టి అక్కడ తయారైన పుస్తకాల్లో ఉండవు. మీ అమ్మాయినే తన నోటుబుక్కు చివరి పేజీలో సొంతంగా ఇలాంటి జాబితా కట్టుకోమనండి.

రోజుకు నలభై వద్దు, ఐదు చాలు. ఇంగ్లిష్ పత్రికలో కోర్టు వార్త ఒకటి, సంపాదకీయం ఒకటి చదివి అందులోంచే ఏరుకోవాలి. బెయిలు, స్టే, అప్పీలు మీ ఇంట్లో టీవీ వార్తల్లో రోజూ వినే మాటలే, అక్కడి నుంచి అక్విట్ (నిర్దోషిగా వదిలేయడం), కన్విక్ట్ (దోషిగా తేల్చడం) ఎంతో దూరం కాదు. మాటను ఒంటరిగా కాకుండా అది వచ్చిన వాక్యంతో సహా రాయాలి, దాని కింద తెలుగు మాట, ఆ కింద తన సొంత వాక్యం. పది రోజుల తర్వాత తెలుగు మాటను మాత్రమే చూసి ఇంగ్లిష్ వాక్యం చెప్పగలిగితే అది వచ్చినట్టు. పత్రికలు కొనక్కర్లేదు, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఉంటాయి. నిఘంటువు ఒకటి కావాలి, వాడుక వాక్యాలు ఇచ్చేదయితే మంచిది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతది దొరకవచ్చు, బేరమాడండి.

పదిహేను వేలు ఇప్పుడు కట్టకండి. మూడు నెలలు ఇలా చేసి, తర్వాత రెండు నమూనా పరీక్షలు రాయించండి. అప్పటికీ మార్కులు కదలకపోతే అమ్మాయిని, ఆ నోటుబుక్కును తీసుకుని నా దగ్గరికి రండి. మోరీ సంగతి మాత్రం కార్పొరేటరు దగ్గరికే వెళ్లాలి.