4.5 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరుకు ఏ వైరు, ఏ ఎంసీబీ వేయించాలి?

విజయవాడలోని మీ పాత ఇంట్లో షవరుకు నేరుగా వేడినీళ్లు అందించే 4.5 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టించాలనుకుంటున్నారనీ, గోడలో ఉన్న 2.5 స్క్వేర్ ఎంఎం వైరే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నారనీ రాశారు. అది సరిపోదు. డీబీ (ఇంట్లోని లైన్లన్నీ విడిపోయే ఎంసీబీల పెట్టె) నుంచి బాత్రూము దాకా విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, 25 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు), దానికి తోడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి.

4500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 19.6 ఆంపియర్లు వస్తుంది కాబట్టి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఈ గీజరుకు పనికిరాదు. ఫేజు, న్యూట్రల్ రెంటినీ ఒకేసారి తెంచే 32 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్చు నుంచి నేరుగా కనెక్షన్ ఇవ్వాలి. ఎంసీబీ రేటింగు గీజరు తీసుకునే కరెంటు కంటే తక్కువ ఉండకూడదు, వైరు మోయగలిగిన కరెంటు కంటే ఎక్కువ ఉండకూడదు. గోడలోని పైపులో ఒంటరిగా వెళ్లే 2.5 వైరు 30 డిగ్రీల వేడిలో సుమారు 24 ఆంపియర్లు, 4 వైరు 32 ఆంపియర్లు మోస్తాయి. మన పాత ఇళ్లలో అదే పైపులో ఇంకో లైను కూడా వెళుతుంటుంది. అప్పుడు ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి ఆ సామర్థ్యం 20 శాతం తగ్గి 2.5 వైరుకు 19.2, 4 వైరుకు 25.6 మిగులుతుంది. అంటే 2.5 వైరు గీజరు తీసుకునే 19.6కే చాలదు, 4 వైరు 25 ఆంపియర్ల ఎంసీబీకి కూడా సరిపోతుంది. గీజరు చలికాలంలోనే కదా వాడేది అనుకున్నా, ఈ తగ్గుదల ఎండ వల్ల వచ్చేది కాదు. 45 డిగ్రీల ఎండల్లో వాడితే ఇంచుమించు ఇంతే తగ్గుదల మళ్లీ విడిగా లెక్కలోకి వస్తుంది. అందుకే వీలైతే గీజరు వైరుకు వేరే పైపు వేయించమంటాను.

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్నిగారింట్లో 3 కిలోవాట్ల గీజరూ వాషింగ్ మెషీనూ 1.5 వైరున్న ఒకే లైను మీద నడిచేవి. ఎంసీబీ తరచూ పడిపోతోందని ఒక పనివాడు 16 తీసేసి 32 ఆంపియర్లది బిగించి వెళ్లాడు. ఎంసీబీ పడటం ఆగింది కానీ స్విచ్‌బోర్డు దగ్గర కాలిన వాసన మొదలైంది. మేము బోర్డు విప్పించి చూస్తే వైరు పైతొడుగు నల్లబడి, వంచితే పెళుసుగా విరిగింది. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. అది పడుతోందంటే లోడు తగ్గించాలి, లేదా వైరు మార్చాలి. రేటింగు పెంచితే గోడలోని వైరుకు ఉన్న ఆ ఒక్క కాపలా కూడా పోతుంది.

ఆర్‌సీసీబీ విషయంలో మాత్రం రాజీ పడవద్దు. ఎంసీబీ మనిషికి షాకు తగలకుండా ఆపలేదు, ఎందుకంటే ప్రాణం తీసే కరెంటు దాని రేటింగుతో పోలిస్తే చాలా చిన్నది. మీది ఉప్పునీటి బోరైతే కాయిల్ మీద సున్నపు పొర పేరుకుని, అది అతిగా వేడెక్కి, పైతొడుగు పగిలి నీళ్లలోకి కరెంటు లీకయ్యే అవకాశం ఎక్కువ. ఎర్తింగ్ సరిగా ఉంటే మనం తాకకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది. పాత ఇళ్లలో ఎర్తు వైరు బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయి ఉంటుంది గనుక అది ఎర్తు గొయ్యి వరకూ కలిసి ఉందో లేదో పరీక్ష చేయించండి. గీజరు న్యూట్రల్‌ను ఇతర లైన్ల న్యూట్రల్‌తో కలపనివ్వకండి. కలిస్తే ఆర్‌సీసీబీ అకారణంగా పడుతూ ఉంటుంది, విసిగిపోయి చివరికి దాన్నే తీసేయిస్తారు.

మీ కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు, ఎంతుందో కూడా చూడండి. అది 2 లేదా 3 కిలోవాట్లే అయితే గీజరు కొనేముందే లోడు పెంపునకు దరఖాస్తు చేయాలి. అదంతా వద్దనుకుంటే 2 కిలోవాట్ల 15 లీటర్ల స్టోరేజీ గీజరు తీసుకోండి, అది 8.7 ఆంపియర్లే తీసుకుంటుంది కాబట్టి ఇప్పుడున్న 2.5 వైరు బాగుండి, దాని మీద వేరే లోడు లేకపోతే, 16 ఆంపియర్ల ఎంసీబీతో సరిపోతుంది. ఆర్‌సీసీబీ దానికీ కావాలి.