నాలుగో బోరు సంగతి తర్వాత, ముందు నాయిన నిద్ర

ప్రశ్న: మాది దేవరకొండ వైపు ఊరు. రెండేండ్ల సంది పత్తి దెబ్బతింటున్నది. మూడు బోర్లు ఎండినయి. బ్యాంకులో, బంగారం మీద, బయట కలిపి ఆరు లక్షల అప్పు. నాయినకు 52 ఏండ్లు. నెల రోజుల నుంచి ఎవరితోటి మాట్లాడడు, సగం అన్నం వదిలేస్తడు, రాత్రి రెండింటికి లేచి వాకిట్ల కూసుంటడు. ఇంకో బోరు పడితే బయటపడతమంటడు. అమ్మేమో అమావాస్యకు చెర్వుగట్టు గుడికి పోయి రాత్రి నిద్ర చేసి వద్దాం, యాటను మొక్కుకుందాం అంటది. నేను హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తున్న. ఇంట్లో ఆశ, ధైర్యం ఎట్ల నిలబెట్టాలె?

జవాబు:

తమ్ముడూ, నువ్వు అడిగింది ధైర్యం గురించి. గని నీ ప్రశ్నలో ముందు కనబడేది రాత్రి రెండింటికి వాకిట్ల కూసున్న మనిషి. అప్పు ఇంకో వారం ఆగినా అప్పే. నిద్రలేని మనిషిని అట్ల వారం ఆపలేం. అందుకే వరుస మార్చు. ముందు నాయిన ఆరోగ్యం, దానితోటే గట్టు, తర్వాత అప్పుల నోట్‌బుక్. బోరు ముచ్చట అన్నిటికన్నా ఆఖరుకు.

రెండు వారాలు దాటి నిద్ర తెగిపోతుంటే, అన్నం పోకుంటే, ఎప్పుడూ ఇష్టంగా చేసే పని మీద కూడా మనసు రాకుంటే దాన్ని దిగులని వదిలేయొద్దు. షుగర్, బీపీ లెక్కనే అది కూడా వైద్యమున్న జబ్బు. తెల్లారకముందే మెలకువొచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం దానికి పెద్ద గుర్తు. ఇంకా కొన్ని మాటలకు చెవి పెట్టు. 'నేను లేకుంటే మీకు పీడ పోతది', 'నేను పోతే బీమా పైసలన్నా వస్తయి' అనడం. పట్టా పాస్‌బుక్ ఎక్కడున్నదో అమ్మకు ఊకె ఊకె చూపించడం. ఉన్నట్టుండి చుట్టాలకు ఫోన్ చేసి అప్పగింతల తీరు మాట్లాడటం. ఇసొంటివి వినబడితే సూటిగ అడుగు: 'నాయినా, చచ్చిపోవాలనిపిస్తున్నదా?' అడిగితే లేని ఆలోచన పుడతదని అందరూ భయపడతరు. అట్ల పుట్టదు. లోపల ఉన్నదాన్ని బయట పెట్టుకోను సందు దొరుకుతది, అంతే. అడిగినంక నువ్వు మాట్లాడకు, ఆయన మాట్లాడేదాక ఆగు. 'అట్లెందుకంటవ్, మేం లేమా' అని మధ్యల అడ్డం పడితే ఆ నోరు మళ్ల మూసుకుంటది.

అవునంటే ఆ రాత్రి నుంచి ఆయన్ను ఒంటరిగ పండనియ్యొద్దు. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటరు, పైసల్లేవు, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగులోనే మాట్లాడతరు. నాయిన మాట్లాడనంటే ఏం చేయాలెనో నువ్వే అడిగి తెలుసుకోవచ్చు. ప్రాణం మీదికొచ్చే పరిస్థితి అనిపిస్తే 108.

అవునన్నా కాదన్నా ఒక పని మాత్రం ఈ వారమే కావాలె. ఇంట్లో, కొట్టంల, బావికాడి గుడిసెల మిగిలిన పురుగుమందు, గడ్డిమందు డబ్బాలన్నీ తీసెయ్యి. సగం డబ్బా అయినా సరే. మళ్లొచ్చే వానకాలానికి పనికొస్తదని అమ్మ దాచి పెడతది, ఆ లెక్క ఇప్పుడొద్దు. పక్క రైతుకు ఇచ్చేసెయ్యి. లేకుంటే వేరే ఇంట్ల పెట్టెలో పెట్టి తాళమేసి, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచు. చెడు ఆలోచన గట్టిగ పట్టే ఘడియ చానాసార్లు కొద్దిసేపే ఉంటది. ఆ కొద్దిసేపు మందు చేతికి అందకపోతే మనిషి దక్కుతడు. ఇంటి మీద మనసు పెట్టి చేసే పనుల్లో దీనికి మించింది లేదు. ఖర్చు కూడా లేదు.

డాక్టర్ దగ్గరికి 'పిచ్చి దవాఖానకా' అని రానంటడు. 'నిద్ర పట్టట్లేదు గదా, దానికి చూపించుకుందాం' అను. అది అబద్ధం కాదు. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, పాలమూరు వాళ్లకైతే మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. పొద్దుగాల ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. పోయేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకో. ఎన్ని రోజుల నుంచి, రోజుకు ఎన్ని గంటల నిద్ర, తాగుడు ఎంత, ఇంకేం గోలీలు వాడుతున్నడు. ఆ జనంల డాక్టర్ నీకు పది నిమిషాలియ్యడమే ఎక్కువ. కాగితముంటే ఆ పది నిమిషాలు వృథా కావు.

గోలీలు రాస్తే చానామంది చేసే తప్పు ఒక్కటే, నాలుగో రోజుకే బంద్ పెడతరు. మొదటి వారం కడుపుల తిప్పుతది, నోరెండుతది, గుణం మాత్రం ఏం కనబడదు. మనసు తేలిక కావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడతది, కొందరికి ఆరు. నిద్ర, ఆకలి ముందు తిరిగొస్తయి, మనసు వెనక వస్తది. ఆ మొదటి నెల గోలీల పట్టీ అమ్మ చేతిల ఉండాలె, నాయిన చేతిల కాదు. బాగైందని రెండో నెలలోనే ఆపితే మళ్ల మొదటికొస్తది, ఆపేది డాక్టర్ చెప్పినప్పుడే. కల్లయినా సారా అయినా రాత్రి కునుకు తెప్పిస్తది, నడిరేయి దాటినంక అదే లేపి కూసుండబెడతది. ఇది ఆయనకు పొద్దున చెప్పు, తాగి ఉన్నప్పుడు కాదు.

ఇగ పగలు. 'మనసు బాగైనంక పని చేస్త' అంటడు. అది తిరగబడ్డ లెక్క. పని ముందు, మనసు వెనక. పెద్ద పని చెప్పకు. పొద్దుగాల ఆరింటికి లేవడం, బర్రెకు గడ్డేయడం, చెల్క దాక నడిచి రావడం, ఇంతే. రాత్రి ఎప్పుడు పండుకున్నా లేచే టైం మారొద్దు, పగటి కునుకు అరగంట మించొద్దు, పొద్దు వాలినంక చాయ్ వద్దు. అప్పు ముచ్చటకు కూడా ఒక టైం కట్టు. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకనే. అన్నం ముందట, పండుకునే ముందట ఎవరెత్తినా 'రేపు ఆరింటికి' అని ఆపెయ్యాలె. మొదట్ల నవ్వులాటగ అనిపిస్తది గని వారం పది రోజుల్లో ఇల్లంతటికీ ఆ అరగంట అలవాటైతది.

నువ్వు హైదరాబాద్ నుంచి రోజూ ఒకే టైంకు ఫోన్ చెయ్యి. 'ఎట్లున్నవ్ నాయినా' అంటే 'మంచిగున్న' అనే జవాబే వస్తది, అక్కడికే ముచ్చట అయిపోతది. జవాబు ఉండే ప్రశ్న అడుగు: 'ఇయ్యాల బర్రె ఎన్ని లీటర్లిచ్చింది?', 'మొగులు పట్టిందా?', 'అమ్మ ఏం కూర వండింది, ఎంత తిన్నవ్?' మూడో రోజుకో నాలుగో రోజుకో ఆయనే ఒక మాట ఎక్కువ మాట్లాడతడు.

ఇప్పుడు నోట్‌బుక్. అప్పు ఎంతో తెలవకపోవడంలోనే సగం భయముంటది. 'ఆరు లక్షలు' అన్నది ఇంట్లో అందరి నోట్ల ఉన్న అంకె, కాగితం మీద పెడితే అది ఐదున్నర కావచ్చు, ఏడూ కావచ్చు. పొడుగు నోట్‌బుక్ తీసుకొని ఒక్కో అప్పుకు ఒక్కో పేజీ ఇయ్యి. ఎవరికి, అసలు ఎంత, మిత్తి ఎంత, ఏం కుదువ పెట్టిండ్రు, గడువు ఎప్పుడు, ఇప్పటిదాక ఎంత కట్టిండ్రు. విత్తనాలు, ఎరువులు ఖాతా మీద ఇచ్చి పంట మీద కోసుకునే షావుకారు బాకీ కూడా అప్పే, దాన్ని మర్చిపోతరు. ఒక్క రాత్రిల అంతా రాయొద్దు. ఆ ఆరు గంటల టైంల రోజుకు ఒకటి.

రాసినంక మిత్తిని ఏడాది లెక్కకు మార్చు. ఇదే అసలు కిటుకు. నూటికి మూడు రూపాయలంటే చిన్నగ వినబడతది. రెండు లక్షల మీద నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. అదే రెండు లక్షలు బ్యాంకు పంట రుణమైతే ఏడు శాతం చొప్పున 14 వేలు, ఏడాది లోపల కట్టేస్తే మూడు శాతం రాయితీ పోయి 8 వేలే. ఊళ్లె మాత్రం బ్యాంకోళ్ల నోటీసుకు భయపడి, బయట మిత్తికి తెచ్చి బ్యాంకుకు కడుతుంటరు. 8 వేల మిత్తిని 72 వేల మిత్తి చేసుకున్నట్టు. ఇంకా ఘోరం, అప్పు నోటు తిరగరాయడం. ఏడాదికోసారి మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటే ఆ రెండు లక్షలు మొదటి ఏడాదికి 2,72,000, రెండో ఏడాదికి 3,69,920, మూడో ఏడాదికి ఐదు లక్షలు దాటుతది. ఈ లెక్క నాయిన ముందట, ఆయన చేతితోనే వేయించు. 'నా చేతగానితనం' అని ఇన్నాళ్లు కుమిలిన మనిషికి, ఇది పత్తి చేసింది సగం, మిత్తి చేసింది సగం అని అర్థమైతది.

కట్టే వరుస కూడా దాంట్లనే తేలుతది. బంగారం వేలం నోటీసు వచ్చి ఉంటే ముందు దాని సంగతి, బ్యాంకుకు పోయి మిత్తి కట్టి రెన్యువల్ అడుగు. తర్వాత ఎక్కువ మిత్తి ఉన్న బయటి అప్పు. బయటి వాళ్ల దగ్గరికి పోయేటప్పుడు నాయిన ఒక్కడే పోవద్దు, ఊళ్లె మాట చెల్లే పెద్దమనిషిని వెంట పెట్టుకోవాలె. అడగాల్సింది గడువు ఒక్కటే కాదు, 'మిత్తి మీద మిత్తి ఆపు, అసలు ఇంతింత కడతం' అనాలె. కట్టిన ప్రతి రూపాయికి నోటు వెనకాల తేదీతో చెల్లు రాయించుకో, మొత్తం తీరినంక నోటు వాపసు తీసుకో. 2024 రుణమాఫీలో రెండు లక్షల లోపు పంట రుణం కింద మీ ఖాతా వచ్చిందో లేదో కూడా బ్యాంకుల ఒకసారి చూపించుకో. ఇళ్లల్ల అందరూ 'వచ్చిందనుకున్న' అంటరు గని పాస్‌బుక్ ప్రింటు ఎవరూ తీయించుకోరు.

నీ జీతం మీద పర్సనల్ లోన్ తీసి ఇదంతా ఒక్కసారే తీరుస్తనని అనకు. ఫోన్‌లో వచ్చే లోన్ యాప్ దిక్కు అసలే చూడకు. ఇంట్లో నెలనెలా పక్కాగ వచ్చే పైస నీ జీతమొక్కటే, అది కూడా అప్పుల పడితే నాయిన ఉన్న వాకిట్లకే నువ్వూ వస్తవు. నెలకు ఇంత అని ఒక అంకె ఖాయం చెయ్యి, చిన్నదైనా సరే, తప్పకుండ పంపు. ఒక నెల పదివేలు పంపి రెండు నెలలు ఆగేకంటే నెలకు మూడు వేలు నయం.

పత్తి ఇంకా ఇంట్ల ఉంటే ఒక మాట. సీసీఐ, అంటే సర్కారు పత్తి కొనే సంస్థ, దాని కేంద్రంలో తేమ ఎనిమిది శాతముంటేనే పూర్తి ధర, ఆపైన కోత, పన్నెండు దాటితే తీసుకోరు. పొద్దుగాల మంచు మీద ఏరి అదే రోజు పెద్ద గోనె సంచిల తొక్కితే తేమ దిగదు. రెండు రోజులు పరదా మీద ఎండబోస్తే వచ్చే తేడా దళారికి పోకుండ మీకే మిగులుతది.

బోరు సంగతి. మన దిక్కు ఆశకు ఇంకో పేరు బోరు. దేవరకొండ, చింతపల్లి, మర్రిగూడ వైపు కింద ఉన్నది గట్టి గ్రానైట్ రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లల్లనే ఉంటయి. పగులు తగలకుంటే ఎంత లోతు వేసినా దుమ్మే. మూడు ఎండినయి కాబట్టి నాలుగోది పడతదనేది పేకాట లెక్క, భూమికి అది తెలవదు. బండికి, కేసింగ్‌కు, మోటరుకు, పైపులకు కలిపి లక్ష దాటుతది, అది మళ్ల మూడు రూపాయల మిత్తికే రావాలె. నాయినకు 'వద్దు' అని మొఖం మీద చెప్పకు, ఆయన పట్టుకున్న కొమ్మ అది. 'గోలీలు మొదలైనంక రెండు నెలలు ఆగుదాం, నల్లగొండల భూగర్భ జల శాఖోళ్లతోటి చూపించినంకనే వేద్దాం' అను. టెంకాయ పట్టి చూసేటాయన మాట మీద మాత్రం కాదు. నిద్ర తిరిగొచ్చిన మనిషి రెండు నెలలకు బోరు మాటెత్తితే అది వేరే తీరుగ ఉంటది.

అమ్మ ముచ్చటకొస్తే, ఆమె చెప్పేదాంట్ల నేననుకున్నదానికంటే ఎక్కువ తెలివి ఉన్నది. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుని దగ్గరికి అమావాస్య రాత్రి పోయి పండుకునేది మామూలు జనం, వాళ్లల్ల చానామంది కష్టంల ఉన్నోళ్లే. నెల రోజుల తర్వాత నాయిన స్నానం చేసి, ఉతికిన బట్టలేసుకొని, బస్సెక్కి, మెట్లెక్కి, వేల మంది మధ్యల కూసుంటడు. తన అసొంటి మొఖాలు ఇంకొన్ని కనబడతయి. జాన్‌పహాడ్ దర్గాకు పోయేటోళ్లయినా, ఆదివారం ప్రార్థనకు పోయేటోళ్లయినా, కురుమూర్తి జాతరకు పోయే పాలమూరోళ్లయినా దొరికేది ఇదే. ఖర్చు బస్సు చార్జీ, కొబ్బరికాయ.

తేడా కొట్టేది యాట కాడ. యాట, బంధువుల భోజనాలు, కల్లు, బట్టలు కలిపితే ఇంకో పేజీ నోట్‌బుక్‌లో చేరుతది. 'అప్పు తీరినంక ఇస్త' అని మొక్కుకోమను. మొక్కు ఆలస్యమైందని ఏ దేవుడూ నోటు తిరగరాయించుకోడు. ఇంకా మూడు చోట్ల జాగ్రత్త. ఎవరో చేతబడి చేసిండ్రు, తీసేస్తనని వేలల్ల అడిగేటోడు దగ్గరికి వస్తే దూరం పెట్టు. డాక్టర్ గోలీలు బంద్ పెట్టమనే వాడు ఎంత పెద్ద సామి అయినా వినొద్దు. సగం అన్నం తినే మనిషిని ఒక్కపొద్దులు ఉండనియ్యొద్దు, అమ్మ కావాలంటే ఆమె ఉంటది.

కాబట్టి అమ్మ అడిగిన అమావాస్యకే బయల్దేరండ్రి, నువ్వు రెండు రోజుల సెలవు పెట్టు. దేవరకొండ నుంచి గట్టుకు నల్లగొండ మీదనే పోవాలె. పొద్దుగాల మొదటి బస్సుకు దిగి ఓపీ చీటీ రాయించు, డాక్టర్‌ను చూపించి గోలీలు తీసుకొని, మధ్యాహ్నం అన్నం తినిపించి నార్కట్‌పల్లి దిక్కు బస్సెక్కు. అమావాస్య ఆదివారం పడితే ఓపీ ఉండదు, ముందు రోజే రావాలె. సంచిల ఆధార్ కార్డు, ఆ నాలుగు ముక్కల కాగితం, దుప్పటి, చద్దరు పెట్టుకో. రాత్రి గోలీ గట్టు మీదనే వేయించు, నీళ్ల సీసా మర్చిపోకు.